తగలని దెబ్బ

మా అమ్మాయికి గోల్ఫ్ పిచ్చి అంటించింది మా అత్తయ్య. అంటించిందనే అంటాను. జలుబు ఎలా అంటుకుంటుందో అదీ అలాగే, ఒకరి పక్కన ఒకరు పడుకోవడం వల్ల అంటుకుంది. పాలు మానేసిన దగ్గర్నుంచీ పిల్ల నానమ్మ మంచంలోనే. మిగతా పిల్లల కథల్లో రాజులూ రాక్షసులూ ఉంటే, మా పిల్లకి మాత్రం నాలుగో గుంటకి ఎడమ పక్క చెరువు, కుడి పక్క ఇసుక, మధ్యలో కర్ర పట్టుకుని డాక్టరమ్మ.

"అప్పుడేమైంది నానమ్మా?"

"ఏమవుతుంది? బంతికి చెమట పట్టింది. చెరువులో స్నానానికి దిగింది."

పిల్ల కిలకిలమని నవ్వేది. విన్న కథే అయినా మళ్ళీ నవ్వేది.

అత్తయ్య మా ఊరి గోల్ఫ్ మైదానంలో ఇరవై రెండేళ్ళు సంచులు మోసింది. ఆటగాళ్ళ కర్రల సంచి భుజాన వేసుకుని వాళ్ళ వెనకాలే నడవాలి. ఏ కర్ర కావాలో అడక్కముందే అందించాలి. బంతి ఎటు పోయిందో రెప్ప వెయ్యకుండా చూడాలి. ఎన్ని దెబ్బలకి గుంటలో పడిందో కార్డు మీద రాయాలి. ఆ పనిచేసేవాళ్ళని క్యాడీ అంటారు. మా వీధిలో ఆ మాట ఎవరికీ నోరు తిరగదు. "మీ అత్త కేడీ అటగా!" అని పక్కింటావిడ అడిగిననాడు నేను కొత్త కోడల్ని, ఏడ్చినంత పనయింది. అత్తయ్య మాత్రం లోపల్నుంచే కేకేసింది: "అవునే, పేరుమోసిన కేడీని! స్టేషన్లో నా ఫోటో కూడా ఉంది, పోయి చూసుకో!"

ఆవిడ ఎక్కువగా మోసింది డాక్టరమ్మ సంచి. డాక్టరమ్మకి ఆట అంతంతమాత్రం. కానీ ఏడు కొడితే ఏడే రాయించుకునేది, పది కొడితే పదే. "చేతకాని ఆట ఆడుతుంది గానీ చేతివాటం ఆట ఆడదు," అనేది అత్తయ్య. ఆ మాట పిల్ల కూడా నేర్చుకుని, పచ్చబొట్టులా పొడిపించుకుంది. మెడ విరిగిన ఇనప కర్ర ఒకటి అతికించి, పిల్ల ఎత్తుకి కోయించి, డాక్టరమ్మే పంపించింది. ఆనాటి నుంచి మా పెరటి గోడకీ బకెట్లకీ నా ప్రాణానికీ శాంతి లేదు.

నాది తాడుని చూసినా పామే అనుకునే మనసు. కర్ర ఊపితే భుజం జారుతుందేమో, బంతి గోడకి కొట్టుకుని కంట్లోకి వస్తుందేమో. నేను పెరట్లోకి వెళ్ళి నిలబడ్డానంటే చాలు, అత్తయ్య మొదలుపెట్టేది.

"నీ కూతురు ఉప్పుమూటేం కాదు. తడిస్తే కరగదు, ఊపితే ఒలకదు. నువ్వు లోపలికి పో, దాని ఆట చెడుతోంది."

పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళం. ఆ ఎండాకాలం పిచ్చుకకి పదేళ్ళు నిండి పదకొండు నడుస్తోంది.

*

సెలవులు ఇచ్చిన వారంలోనే అత్తయ్య మైదానం నుంచి కబురు మోసుకొచ్చింది. అక్కడ పనిచేసేవాళ్ళ ఇళ్ళలోంచి ఒక్క ఆడపిల్లని ఎంచుకుంటారట. ఆట వాళ్ళే నేర్పిస్తారు, బూట్లూ కర్రలూ వాళ్ళే ఇస్తారు, పైగా పది దాకా చదువు కూడా వాళ్ళే చెప్పిస్తారు. ఎండలు తగ్గేముందు ఒక పొద్దున తొమ్మిది గుంటల ఆట పెడతారు. అందరికంటే తక్కువ దెబ్బల్లో పూర్తిచేసిన పిల్లదే ఆ చోటు. పదకొండు నిండకూడదు.

"మళ్ళీ ఏడాది పెడతారా?" అన్నాను.

"పెడితే మాత్రం? అప్పటికి దీనికి పదకొండు దాటవూ?"

ఆట సంగతి నేను సగమే విన్నాను. 'పది దాకా' అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. నా చదువు ఏడో తరగతిలో ఆగింది. ఎందుకు మాన్పిస్తున్నాడో మా నాన్న చెప్పలేదు, నేను అడగలేదు. మా ఆయన లారీ మీద ఉంటాడు, పది రోజులకొకసారి ఇంటికొస్తాడు. ఆయనకి చెబితే, "పిచ్చుకకి రాకపోతే ఇంకెవరికొస్తుందే!" అని, అక్కడికి పని అయిపోయినట్టే నిద్రపోయాడు. నేను మాత్రం ఆ రోజు నుంచి పిల్ల బంతి కొడుతున్నప్పుడు కిటికీ దగ్గరే నిలబడి లోపల్లోపల మొక్కుకునేదాన్ని.

అదే వారం అత్తయ్య అయిదో గుంట దగ్గర కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆట మధ్యలో కూర్చోవడం అదే మొదలట. తన సంచి డాక్టరమ్మే భుజాన వేసుకుని, అత్తయ్యని కార్లో ఇంటికి తీసుకొచ్చింది. పరీక్షలన్నీ చేయించింది. ఊపిరితిత్తుల్లో ఏదో ఉంది, చాలా ముదిరాక బయటపడింది.

"ఈ ఎండలు దాటనిద్దాం," అంది డాక్టరమ్మ నాతో, నా మొహం చూడకుండా.

పెద్దగది మంచం కిటికీ దగ్గరికి జరిపాం. అక్కణ్ణుంచి పెరడు కనిపిస్తుంది. అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుని, ఊపిరి అందినంతసేపు పిచ్చుకకి ఆట చెప్పేది. ఊపిరి అందనప్పుడు వేలితో చూపించేది. వేలు కిందికి చూపిస్తే తల దించమని, పక్కకి చూపిస్తే మోచెయ్యి దగ్గరగా పెట్టమని. నానమ్మ వేలు చూసి మనవరాలు బంతి కొట్టేది. బట్టలారేసే గుంజకి కట్టిన గోనెపట్టాలో, అత్తయ్య బొగ్గుతో గీసిన సున్నాలో, పదింట ఎనిమిది పడేవి.

ఆటకి పదిహేను రోజులుందనగా ఒకనాడు అత్తయ్య నన్ను పిలిచి అసలు మాట చెప్పింది.

"ప్రతి పిల్ల వెంటా ఇంటి మనిషి ఒకరు నడవాలి. సంచి మొయ్యాలి, కార్డు రాయాలి. నేను నడవలేనుగా."

"అయ్యో! నావల్ల కాదు అత్తయ్యా. ఆయన్ని రమ్మంటాను."

"వాడా? వాడు లారీ లెక్కలే సరిగ్గా రాయడు. నువ్వే వెళ్ళాలి. రేపట్నుంచి నీకూ పాఠం."

మర్నాటి నుంచి పాత సంచిలో తడిబట్టలు కూరి నా భుజాన తగిలించింది. కిటికీలోంచి చూస్తూ పెరట్లో ఇటునుంచి అటు నడిపించింది.

"ఏమిటా చప్పుడు? గాజుల బండివా? కర్రలు గలగల్లాడకూడదు. చెయ్యి అడ్డం పెట్టు."

"పెట్టాను అత్తయ్యా."

"నీ నీడ ఎక్కడుంది? బంతి మీద పడుతోంది. తప్పుకో. పిల్ల కర్ర ఎత్తిందంటే ఇక నీకు కాళ్ళు లేవు, నోరు లేదు. తేలు కుట్టినా సరే నోరు లేదు. తెలిసిందా?"

"దొంగకి తేలు కుట్టినట్టు ఉండాలంటారు."

"హమ్మయ్య, పన్నెండేళ్ళకి ఒక్క మాట సరిగ్గా అర్థం చేసుకుంది నా కోడలు!" అని నవ్వబోయి దగ్గులో పడింది. లోపలికి పరిగెత్తి వీపు రాస్తూ నిలబడ్డాను. అత్తయ్య వీపు తాకడం నాకు అదే మొదటిసారి. ఎముకలు వేళ్ళకి తగిలాయి.

కార్డు సంగతి చివర్న చెప్పింది. "ఎన్ని దెబ్బలు కొడితే అన్ని గీతలు గీసుకో. బంతి గుంటలో పడ్డాక గీతలు లెక్కపెట్టి అంకె వెయ్యి. ఆఖర్న పిల్ల సంతకం పెడుతుంది."

"అంతేనా?"

"అంతే. ఒకటో తరగతి లెక్క."

*

ఆ పొద్దున నలుగురు పిల్లలు వచ్చారు. తోటమాలి కూతురు, కాపలావాడి కూతుళ్ళలో పెద్దది, క్లబ్బు వంటమనిషి కూతురు, మా పిచ్చుక. వంటమనిషి కూతురు పిచ్చుక కంటే జానెడు పొడుగు, దెబ్బలో బలముంది. ఆట నేర్పే మాస్టారు అందరి వెనకాలా నడుస్తూ, చిన్న పుస్తకంలో తన లెక్క తను రాసుకుంటున్నారు.

అంత పచ్చిక నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు విప్పాలేమో అనిపించింది. మొదటి గుంట దగ్గర నేను సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటుంటే పిచ్చుక నా చెయ్యి నొక్కింది.

"అమ్మా, ఊరికే నడు. అంతే."

అయిదేసి, ఆరేసి దెబ్బల్లో ఒక్కో గుంటా దాటుకుంటూ పోయాం. నాలుగో గుంటకి ఎడమ పక్క చెరువు, కుడి పక్క ఇసుక, అన్నీ అత్తయ్య చెప్పినట్టే, చెప్పిన చోటే ఉన్నాయి. పిచ్చుకకి అవి కొత్త కాదు. తన వీధిలో తను నడిచినట్టు నడుస్తోంది. నేను మాట్లాడలేదు, నీడ పడనివ్వలేదు, కర్రలు గలగల్లాడనివ్వలేదు. ఆరు గుంటలు అయ్యేసరికి మా పిల్ల ముందుందని మాస్టారు మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఏడో గుంటలో బంతి పొద పక్కన పొడుగు గడ్డిలో ఆగింది. పిచ్చుక కాళ్ళు సర్దుకుని, తల దించి, కర్ర ఎత్తింది. అప్పుడు ఆ పొదలోంచి కందిరీగ ఒకటి లేచి పిల్ల చెవి దగ్గరికి వచ్చింది.

"జాగ్రత్తే!" అని అరిచాను.

కర్ర బంతి పైనుంచి గాలిలో పోయింది. గడ్డిపోచ కూడా కదల్లేదు. కందిరీగ దాని దారిన అది పోయింది. పిచ్చుక నా వైపు చూసింది. మళ్ళీ కాళ్ళు సర్దుకుని ఊపింది. ఈసారి బంతి ఎగిరి జెండా దగ్గర పడింది. అక్కణ్ణుంచి ఇంకో రెండు.

బంతి గుంటలో పడ్డాక గీతలు లెక్కపెట్టాను. అయిదు. ఆ ఊపుకి నేను గీత గియ్యలేదు. తగిలితేనే కదా దెబ్బ! పిల్ల మీద చెయ్యెత్తి, కొట్టకుండా దించేస్తే కొట్టామంటామా? పైగా అది తప్పింది నా అరుపు వల్ల. నా నోటి తప్పుకి పిల్లకెందుకు శిక్ష అనుకున్నాను. అయిదు అని వేశాను, గుండ్రంగా, స్పష్టంగా.

తొమ్మిదో గుంట అయ్యాక గొడుగు కింద బల్ల వేసుకుని గుమాస్తా కూర్చున్నాడు. పిచ్చుక కార్డు తీసుకుని, వేలు పెట్టి ఒక్కో అంకే చూసుకుంటూ వచ్చి ఏడో దాని దగ్గర ఆగింది.

"అమ్మా, ఇక్కడ ఆరు."

"అయిదే. నేను చూశాగా."

"గాలిలో పోయింది ఒకటి..."

"అది తగల్లేదుగా తల్లీ. అది నా వల్ల పోయింది, నీ వల్ల కాదు."

"నానమ్మ..."

"కార్డు రాయమని నానమ్మ నాకు చెప్పింది, నీకు కాదు. పెట్టు సంతకం."

వెనకాల వంటమనిషి నిలబడి ఉన్నాడు. గుమాస్తా చెయ్యి చాపి ఉన్నాడు. అంతమంది ముందు నాకు లెక్క రాదని పిల్ల అన్నట్టయింది. పిచ్చుక ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. పెన్ను తీసుకుని, రెండు చేతులా ఒత్తిపట్టి, తన పేరు రాసింది.

మాస్టారు కార్డులన్నీ ముందేసుకుని తన పుస్తకంతో సరిచూసుకున్నారు. మాది చూసి మళ్ళీ చూశారు. లేచి మా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"ఏడో గుంటలో పొద దగ్గర ఒక ఊపు ఉందిగా అమ్మా?"

"అది తగల్లేదండీ."

"కొట్టాలని ఊపితే చాలమ్మా. తగిలినా తగలకపోయినా దెబ్బే."

"తెలియలేదండీ. అయితే ఆరు వేసేయండి. ఇటివ్వండి, నేనే వేస్తాను."

"సంతకం అయిపోయిందిగా. తక్కువ రాసి సంతకం పెడితే కార్డు చెల్లదు." ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నారు. చెప్పాలా వద్దా అని చూసి, చెప్పేశారు. "ఆరు వేసినా మీ పిల్లే మొదటిదమ్మా. యాభై రెండు. ఆ తర్వాతి అమ్మాయిది యాభై నాలుగు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చదువు తక్కువదాన్నండీ అన్నాను, పిల్ల ఆరు అనే చెప్పింది, నేనే పెట్టమన్నానండీ అన్నాను. ఆయన చెయ్యి విడిపించుకోలేదు. "ఆ మాటే నేనూ చెప్పి చూస్తాను. కానీ..." అని ఆగిపోయారు. పిచ్చుక సంచి తీసి తన భుజాన వేసుకుంది.

"పద అమ్మా. నానమ్మ చూస్తూంటుంది."

*

దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. ఎంచుకున్నారు అత్తయ్యా, వచ్చే నెల పిలుస్తామన్నారు అని చెప్పేస్తే ఏం పోతుంది? వచ్చే నెలకి ఎవరుంటారు? వీధి మలుపు దగ్గర ఆ మాట పిల్లకి చెప్పాను. పిచ్చుక సంచి భుజాన సర్దుకుని ముందు నడిచింది.

అత్తయ్య దిండు మీద నుంచి లేచి కూర్చుని ఉంది. తల దువ్వి ఉంది. ఎవరు దువ్వారో తెలియదు, ఆవిడ చేతులు అంతెత్తు లేవడం మానేసి వారమైంది.

"ఎన్ని?"

"యాభై రెండు, నానమ్మా."

"యాభై రెండా!" ఆ మొహం అలా వెలగడం ఆ ఎండాకాలంలో అదొక్కసారే చూశాను. "వంటాడి కూతురు?"

"యాభై నాలుగు."

"చెప్పానా! మరి పేరు రాసుకున్నారా?"

నేను నోరు తెరిచాను. పిచ్చుక నా కంటే ముందే మాట్లాడింది.

"లేదు నానమ్మా. కార్డు చెల్లలేదు. ఏడో గుంటలో ఒకటి తక్కువ రాశాను."

రాశాను అంది. కర్ర ముట్టిన దగ్గర్నుంచీ పెరట్లో ఒక్క దెబ్బ కూడా దాచుకోని పిల్ల, నానమ్మ కళ్ళలోకి చూస్తూ ఆ మాట అంది. కార్డు రాసేది సంచి మోసినవాళ్ళేనని ఆ ఇంట్లో అత్తయ్య కంటే ఎవరికి బాగా తెలుసు? అత్తయ్య పిల్ల తల మీదుగా నా వైపు చూసింది.

"ఎండన పడి వచ్చారు," అంది. "వెళ్ళి మొహాలు కడుక్కోండి."

పిచ్చుక పెరట్లోకి వెళ్ళాక నన్ను మంచం మీద కూర్చోమంది. పన్నెండేళ్ళలో ఆవిడ ముందు నేను మంచం మీద కూర్చోలేదు.

"చెప్పు. మొదటి గుంట నుంచీ చెప్పు. ఎలా ఆడింది?"

చెప్పాను. నాకు వచ్చిన మాటల్లో, అత్తయ్యలా హాస్యం లేకుండా. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. నాలుగో గుంట చెరువు దగ్గర పెదవులు కదిలాయి. ఏడో గుంట దగ్గరికొచ్చాను. కందిరీగ అన్నాను, అరిచాను అన్నాను, గీత గియ్యలేదు అన్నాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను.

"గాలిదెబ్బ సంగతి నేనే చెప్పలేదు నీకు," అంది అత్తయ్య. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటోంది. "పిచ్చుక ఎప్పుడూ గాలికి ఊపదుగా. అందుకని గుర్తు రాలేదు. తప్పు నాదేనే."

"కాదు అత్తయ్యా."

"ఊరుకో. ఎనిమిదో గుంట చెప్పు."

ఆ సాయంత్రం డాక్టరమ్మ వచ్చింది. మాస్టారు అన్నీ చెప్పారట. అత్తయ్య మణికట్టు పట్టుకుని, నాడి చూడటానికి పట్టేంతసేపు కంటే ఎక్కువే కూర్చుంది. ఆవిడ లేచాక గుమ్మం దాకా వెనకాలే వెళ్ళాను. అక్కడ పెద్దల్లో ఆవిడ మాట చెల్లుతుందని నాకు తెలుసు. "అమ్మగారూ..." అన్నానో లేదో, గదిలోంచి అత్తయ్య గొంతు వినపడింది. మా వీధంతా వినపడే గొంతు ఒకప్పుడు. ఇప్పుడు గది దాటడమే కష్టం.

"ఆవిణ్ణి అడక్కు అమ్మాయ్."

డాక్టరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. నా తల మీద చెయ్యి వేసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అత్తయ్య ఆ తర్వాత పదకొండు రోజులు ఉంది. ఏడో గుంట మాట మళ్ళీ ఎత్తలేదు. ఎండలు మాత్రం దాటలేదు.

*

బడి తెరిచేముందు పిచ్చుక తన కర్రని తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, పాత దుప్పటిలో చుట్టి, కుర్చీ వేసుకుని అటక మీద పెట్టింది. పెట్టమని నేను అనలేదు. వద్దని కూడా అనలేకపోయాను. గుంజకి కట్టిన గోనెపట్టా వానకి తడిసి ఒక పక్కకి తెగింది. మా ఆయన వచ్చినప్పుడు ఊడదీసి పారేశాడు. పొద్దున్నే వంటమనిషి కూతురు తెల్ల బూట్లేసుకుని మా ఇంటి ముందునుంచే వెళ్తుంది. మంచి పిల్ల. పిచ్చుకని చూస్తే చెయ్యి ఊపుతుంది, పిచ్చుక కూడా ఊపుతుంది.

డాక్టరమ్మ తన సంచి మొయ్యమని నన్ను పిలిచింది. వెళ్ళాను. ఒక రోజు మాస్టార్ని అడిగి ఆట నియమాల పుస్తకం తెచ్చుకున్నాను. చిన్నదే గానీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కూడబలుక్కుని చదివితే ఒక పేజీకి ఒక సాయంత్రం పడుతోంది. ఆ ఆదివారం పిచ్చుక వరండాలో కూర్చుని బడి పుస్తకాలకి అట్టలు వేస్తోంది. పక్కన కూర్చుని పుస్తకం దాని ఒళ్ళో పెట్టాను.

"ఇది నాకు చదివి చెప్పవే. మొదట్నుంచీ నేర్పు. ఏది దెబ్బ, ఏది కాదు, అన్నీ."

అట్ట మడతపెడుతున్న చేతులు ఆగాయి. పుస్తకం తెరిచి, మొదటి పేజీలో రెండు లైన్లు తనలో తనే చదువుకుంది. తర్వాత మూసి, జాగ్రత్తగా నా చేతికిచ్చింది.

"ఇప్పుడెందుకమ్మా?" అంది.

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. పిల్ల నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.